ఆదివారం పది గంటలకు సర్వర్ నిలబడాలంటే

గ్రూప్-2, డీఎస్సీ లాంటి పరీక్షలకు చదివేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు పెట్టే సార్లు, మేడమ్‌లు, సీనియర్లు చాలామంది ఉన్నారు. సొంత డబ్బుతో, సాయంత్రాల పూట కూర్చుని ప్రశ్నలు తయారుచేసేవాళ్లే ఎక్కువ. మీరూ వాళ్లలో ఒకరైతే ఇది మీ కోసం. ప్రశ్నపత్రం ఎంత బాగున్నా, పది గంటలకు పరీక్ష మొదలుకాగానే తెల్ల పేజీ వస్తే ఆ కష్టమంతా వృథా. నాకు అలాగే జరిగింది. మొదటి టెస్టు నెలకు రెండు వందల రూపాయల షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు ఒకే మెషీన్‌ను పంచుకునే పద్ధతి) మీద పెట్టాను. 10 గంటల 2 నిమిషాలకు సైట్ పడిపోయింది. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, "సార్, నలభై జవాబులు పెట్టాను, అన్నీ పోయాయి" అంది. ఆ రోజు నుంచి సర్వర్ సంగతి పక్కాగా నేర్చుకున్నాను.

పెద్ద సర్వర్ కొంటే సరిపోతుందని అందరూ అంటారు. నేనూ కొన్నాను, అదీ పడిపోయింది. అసలు తప్పు ఎక్కడుందో లెక్క వేసుకున్నాకే తెలిసింది. కాబట్టి కొనే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు లెక్క

గ్రూప్-2 తరహా పేపర్ తీసుకుందాం. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. మీ టెస్టు 400 మంది రాస్తారనుకోండి. ఒక్కో జవాబు నొక్కగానే సర్వర్‌లో సేవ్ అవ్వాలి. 400 మందికి 150 చొప్పున 60,000 సేవ్‌లు. 150 నిమిషాలంటే 9,000 సెకన్లు. సెకనుకు ఆరేడు సేవ్‌లు పడతాయి. ఇది చిన్న సర్వర్‌కు కూడా పెద్ద పని కాదు.

మరి పడిపోయేది ఎక్కడ? మొదలయ్యేటప్పుడు. పది కొట్టగానే 400 మందీ ఒకేసారి వచ్చి పడతారు. ఇరవై సెకన్లలో వచ్చారనుకుంటే సెకనుకు 20 మంది. ఒక్కొక్కరికి లాగిన్, హాల్ పేజీ, ప్రశ్నపత్రం కలిపి మూడు రిక్వెస్టులు (బ్రౌజర్ సర్వర్‌ను ఒకసారి అడిగితే ఒక రిక్వెస్టు). అంటే సెకనుకు 60. మీ సర్వర్ తట్టుకోవాల్సింది ఈ 60నే. రోజుకు ఎంతమంది వస్తారు, నెలకు ఎన్ని విజిట్లు అనే అంకెలతో ఇక్కడ పనిలేదు.

ఇప్పుడు అసలైన గుణకారం. సెకనుకు 60 రిక్వెస్టులు, ఒక్కోటి పూర్తవడానికి 0.1 సెకను పడితే, ఏ క్షణంలో చూసినా ఆరు రిక్వెస్టులు మాత్రమే సర్వర్ లోపల ఉంటాయి. ఆరు పీహెచ్‌పీ ప్రాసెస్‌లు (సైట్ కోడ్‌ను నడిపే పనివాళ్లు అనుకోండి) చాలు. అదే ఒక్కోదానికి 2 సెకన్లు పడితే 120 లోపల ఉంటాయి. పీహెచ్‌పీ ప్రాసెస్ ఒక్కోటి 50 ఎంబీ తింటే, మొదటిదానికి 300 ఎంబీ, రెండోదానికి 6 జీబీ. ఒకే సైట్, ఒకే 400 మంది. తేడా అంతా ఒక నిదానమైన క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, ఉండొచ్చు. ఈ గుణకారం ఒక్కటి గుర్తుంటే కింద చెప్పేవన్నీ ఎందుకు చేస్తున్నామో మీకే తెలుస్తుంది.

సర్వర్ ఎంచుకోవడం

షేర్డ్ హోస్టింగ్ వద్దు. ఒకే మెషీన్‌లో వందల సైట్లు ఉంటాయి కాబట్టి ఒక్కో ఖాతాకు ఒకేసారి ఇన్ని ప్రాసెస్‌లే అని పరిమితి పెడతారు. తరచుగా అది ఇరవై దగ్గర ఉంటుంది. 'అన్‌లిమిటెడ్' అనే మాట ఆ పరిమితికి వర్తించదు. పరిమితి దాటితే 508 అని ఎర్రర్ వస్తుంది. వెబ్‌సైట్‌లో నాలుగు పేజీలు పెట్టుకునేవాళ్లకు అది చాలు, పరీక్షకు చాలదు.

మీకు కావలసింది వీపీఎస్, అంటే ఒక పెద్ద మెషీన్‌లో మీకంటూ విడిగా ఇచ్చే వాటా. అది కేవీఎం తరహా వర్చువలైజేషన్‌దో (ఒక మెషీన్‌ను విడివిడి మెషీన్లుగా విభజించే పద్ధతి) కాదో అడగండి. 400 మందికి 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, 50 జీబీ ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) డిస్క్‌తో మొదలుపెట్టండి. డబ్బు సరిపోక ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తే డిస్క్ సైజు తగ్గించండి, ర్యామ్ జోలికి పోకండి.

కొన్ని ప్లాన్లలో సీపీయూ పూర్తిగా మీది కాదు. మామూలు రోజుల్లో క్రెడిట్లు కూడబెట్టి, రద్దీ వచ్చినప్పుడు ఖర్చుపెట్టే పద్ధతి ఉంటుంది. అమెజాన్ టీ-సిరీస్ మెషీన్లు అలాంటివే. వారానికి ఒకసారి టెస్టు పెట్టేవాళ్లకు ఇవి బాగానే పనికొస్తాయి. రోజూ టెస్టు పెడితే మాత్రం క్రెడిట్లు అయిపోయి సరిగ్గా మధ్యలో నెమ్మదించవచ్చు.

సర్వర్ ఎక్కడ ఉండాలి? రాసేవాళ్లు అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అవనిగడ్డ హాస్టళ్లలో, ఊళ్లలో ఉన్నారు. సర్వర్ అమెరికాలో పెట్టి లాభం లేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. పేజీ మొదటిసారి తెరుచుకోవాలంటే ఇలా మూడు సార్లు వెళ్లి రావాలి. దాని మీద ఫోన్ నెట్‌వర్క్ ఆలస్యం వేరే. ముంబైలోనో బెంగళూరులోనో చాలా కంపెనీలకు సర్వర్లున్నాయి. హైదరాబాద్‌లో ఒరాకిల్ 2020లో, అమెజాన్ 2022 నవంబరులో తమ రీజియన్లు తెరిచాయి. కొనే ముందు హాస్టల్లో ఉన్న ఒక విద్యార్థి ఫోన్ నుంచి పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం) చూడమనండి. మీ ఇంటి ఫైబర్ మీద చూసుకున్న అంకె మీకు తప్ప ఎవరికీ పనికిరాదు.

బిల్లు గురించి రెండు మాటలు. చూపించే ధర మీద 18% జీఎస్టీ కలుపుకోండి. విదేశీ కంపెనీ అయితే కార్డు నుంచి నెలనెలా తనంతట తానే కట్ అవుతుందనే ధీమా వద్దు. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు మారినప్పటి నుంచి అలాంటి చెల్లింపులు తిరస్కరణకు గురవడం మామూలైంది. ముందే కొంత సొమ్ము జమ చేసిపెట్టే వీలుంటే అదే మేలు. టెస్టు ముందు రోజు సర్వర్ సస్పెండ్ అయిందన్న మెయిల్ చూడటం కంటే టెన్షన్ ఇంకొకటి ఉండదు.

కొన్నాక మొదటి రోజే ఒక పరీక్ష చేయండి. సర్వర్‌లో ఏం నడుస్తోందో చూపే టాప్ కమాండ్ కొట్టి, సీపీయూ వరుసలో చివర 'ఎస్‌టీ' అనే అంకె చూడండి. స్టీల్ టైమ్ అంటారు దాన్ని. మీకు రావాల్సిన సీపీయూ సమయం పక్కవాళ్లకు ఎంత పోతోందో అది చెబుతుంది. ఉదయం, రాత్రి, ఆదివారం పది గంటలకు ఇలా మూడు నాలుగు సార్లు చూడండి. ఎప్పుడూ సున్నా, ఒకటి మధ్య ఉంటే మంచి ఇల్లు దొరికినట్టే. తరచూ 5, 10 కనిపిస్తుంటే సెట్టింగులతో కుస్తీ పట్టకండి, మరో కంపెనీకి మారిపోండి.

తలుపులు వేసుకోవడం

సర్వర్ చేతికొచ్చిన గంటలోనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కీ ఫైలు పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. ఫైర్‌వాల్‌లో 22 (ఎస్‌ఎస్‌హెచ్), 80, 443 (వెబ్) పోర్టులు తప్ప అన్నీ మూసేయండి. మరియాడీబీ (డేటాబేస్), రెడిస్ (చిన్న డేటాను ర్యామ్‌లో ఉంచే సాధనం) బయటి ప్రపంచానికి కనబడకూడదు. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి, కానీ రీబూట్ మాత్రం మీరు చెప్పినప్పుడే జరగాలి.

ఓటీపీ మెయిల్స్ సొంత సర్వర్ నుంచి పంపే ప్రయత్నం వద్దు. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ వెళ్లే 25 పోర్టును మూసే ఇస్తాయి. పంపినా స్పామ్‌లో పడతాయి. మెయిల్ పంపే సర్వీసు ఒకటి తీసుకుని, డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీదేనని చెప్పే) రికార్డులు పెట్టుకోండి.

ర్యామ్ పంచడం

ట్యూనింగ్ అంటే చాలావరకు ఇదే. ఇంటి ఖర్చుకు జీతం పంచినట్టు 4 జీబీని పంచాలి. సిస్టమ్‌కు అర జీబీ. మరియాడీబీకి 1.2 జీబీ. పీహెచ్‌పీకి 1.5 జీబీ. రెడిస్‌కు 200 ఎంబీ. మిగిలిన ఆరు వందల ఎంబీ చిల్లరను అలాగే వదిలేయండి. లినక్స్ దాన్ని ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది. ర్యామ్ చూపే ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' కింద తక్కువ కనబడితే కంగారు పడకండి, చూడాల్సింది 'అవైలబుల్' అనే నిలువు వరుస.

పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు ఉండొచ్చో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ అనే సెట్టింగ్ ఉంటుంది. కొత్తగా వేసినప్పుడు అది 5. మొదటి టెస్టులో కొందరికి సైట్ తెరుచుకుని కొందరికి గిరగిరా తిరుగుతూ ఉండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అలాగని 200 పెట్టేయకూడదు. మీ ప్రాసెస్ ఒక్కోటి ఎంత ర్యామ్ తీసుకుంటోందో హెచ్‌టాప్‌లో (టాప్ లాంటిదే) చూసి, పీహెచ్‌పీ వాటాను దానితో భాగించండి. 1.5 జీబీని 50 ఎంబీతో భాగిస్తే 30. అంతే పెట్టండి. 31వ రిక్వెస్టు క్షణం పాటు లైన్లో నిలబడుతుంది, ఫరవాలేదు. 200 పెడితే ర్యామ్ నిండిపోయి కెర్నెల్, అంటే లినక్స్ అసలు భాగం, ఏదో ఒక ప్రాసెస్‌ను చంపాలి. అది ఎంచుకునేది ఎక్కువ ర్యామ్ తింటున్న ప్రాసెస్‌ను. మన సర్వర్లలో అది సాధారణంగా మరియాడీబీయే. మరియాడీబీ పోతే లైన్లో ఉన్నవాళ్లూ లేరు, లోపల ఉన్నవాళ్లూ లేరు.

మరియాడీబీలో బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) సైజ్ మొదట 128 ఎంబీ ఉంటుంది. దాన్ని 1 జీబీ చేయండి. మాక్ టెస్టుల డేటా మొత్తం సాధారణంగా ఇందులో ఇమిడిపోతుంది. ఇక చదవడానికి డిస్క్ దాకా వెళ్లే పనే ఉండదు. డేటాబేస్‌కు ఒకేసారి ఎన్ని కనెక్షన్లో చెప్పే మ్యాక్స్ కనెక్షన్స్ 151 ఉంటుంది. మనకు 30 ప్రాసెస్‌లే కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఇంకొకటి, ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్, అంటే సేవ్ అయినది డిస్క్ మీద ఎప్పుడు రాయాలో చెప్పే సెట్టింగ్. దీన్ని 1 నుంచి 2కు మార్చితే వేగం పెరుగుతుందని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. నిజమే, పెరుగుతుంది. కానీ సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే చివరి సెకను పాటు సేవ్ అయినవి పోవచ్చు. మనకు సెకనుకు ఏడు సేవ్‌లే. ఆ వేగం మనకు అక్కర్లేదు, ఆ జవాబులు మాత్రం కావాలి. 1 దగ్గరే ఉంచండి.

2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) కూడా పెట్టి, స్వాపినెస్ (దాన్ని ఎంత సులువుగా వాడాలో చెప్పే అంకె) 10 చేయండి. ఇది రోజూ వాడుకోవడానికి కాదు, ఏదైనా తేడా వస్తే మీరు చూసి సర్దుకునేంత సమయం ఇవ్వడానికి. టెస్టు జరుగుతుండగా స్వాప్ గట్టిగా వాడుతోందంటే పంపకంలో తప్పుందని అర్థం.

సమయం తగ్గించడం

ముందు వేసిన గుణకారంలో 2 సెకన్లను 0.1 చేయడం ఇక్కడ. నా అనుభవంలో ఇది పెద్ద సర్వర్ కంటే ఎక్కువ మేలు చేసింది.

స్లో క్వెరీ లాగ్ (నిదానమైన క్వెరీల జాబితా) ఆన్ చేయండి. ఎంత సేపు పడితే అందులో రాయాలో చెప్పే లాంగ్ క్వెరీ టైమ్ మొదట 10 సెకన్లు ఉంటుంది, అంత ఉంటే ఏమీ దొరకదు. 0.2 పెట్టండి. ఒక టెస్టు జరిగాక లాగ్ చదవండి. పైన ఉన్న క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ అని చేర్చి నడిపి, ఎన్ని వరుసలు వెతుకుతోందో చూడండి. నాది చూస్తే ఒక్క జవాబు సేవ్ చేయడానికి లక్షా ఎనభై వేల వరుసలు వెతుకుతోంది. పాత టెస్టుల జవాబులన్నీ ఒకే టేబుల్‌లో ఉన్నాయి, ఇండెక్స్ (పుస్తకం వెనక ఉండే సూచిక లాంటిది) లేదు. విద్యార్థి ప్రయత్నం నంబర్, ప్రశ్న నంబర్ రెండూ కలిపి ఒక యూనిక్ ఇండెక్స్ పెట్టాను. ఒక్క వాక్యం పని. అంతకుముందు వారమే దాని కోసం రెట్టింపు సర్వర్ కొని ఉన్నాను. ఆ ఇండెక్స్ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఒకే ప్రశ్నకు నెట్ ఆగి రెండు సార్లు నొక్కినా రెండు వరుసలు పడవు.

ర్యాంకు సంగతి చూడండి. ప్రతి విద్యార్థీ సబ్మిట్ చేయగానే అందరి మార్కులూ వరుసపెట్టి ర్యాంకు లెక్కగడితే ఆ పని 400 సార్లు జరుగుతుంది, అదీ అందరూ ఒకేసారి సబ్మిట్ చేసే పన్నెండున్నరకే. సబ్మిట్ అయినట్టు మాత్రం వెంటనే చూపించండి. ర్యాంకులు పదిహేను నిమిషాల తర్వాత ఒకేసారి లెక్కగట్టి పెట్టండి. అసలు పరీక్షకు నెలలు ఆగేవాళ్లు దీనికి పావుగంట ఆగుతారు.

ప్రశ్నపత్రం అందరికీ ఒకటే కదా, 400 సార్లు డేటాబేస్ నుంచి తీయడం ఎందుకు? టెస్టుకు ముందే ఒక ఫైలుగా తయారుచేసి పెట్టి, దాన్ని ఎంజిన్ఎక్స్ (బ్రౌజర్లకు పేజీలు అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రాం) నేరుగా ఇచ్చేలా చేయండి. పీహెచ్‌పీ దాకా రాదు. ప్రశ్నల వరుస మార్చడం బ్రౌజర్‌లో చేసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు: ఆ ఫైలులో సరైన జవాబులు ఉండకూడదు, ఫైలు పేరు ఊహించడానికి వీల్లేకుండా ఉండాలి.

మన తెలుగుకు సంబంధించిన విషయం ఒకటుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకు కూడా మూడేసి బైట్లు. 'తెలుగు' అనే చిన్న మాట 18 బైట్లు. 150 ప్రశ్నలు, ఆప్షన్లతో కలిపి ఒక్కోటి 400 గుర్తులు ఉంటే ప్రశ్నపత్రం 180 కేబీ. ఊళ్లో బలహీనమైన సిగ్నల్ మీద అది భారమే. కానీ ఆ మూడు బైట్లలో మొదటి రెండూ దాదాపు ప్రతి అక్షరానికీ అవే తిరిగి వస్తాయి కాబట్టి జీజిప్ (డేటాను కుదించే పద్ధతి) దాన్ని బాగా నొక్కేస్తుంది. నాలుగైదు రెట్లు తగ్గడం మామూలే. చిక్కేమిటంటే ఎంజిన్ఎక్స్‌లో జీజిప్ ఆన్ చేసినా హెచ్‌టీఎంఎల్‌కే వర్తిస్తుంది. ప్రశ్నపత్రం జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) ఫైలు అయితే జీజిప్ టైప్స్‌లో దాన్ని మీరే చేర్చాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

డేటాబేస్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అయ్యుండాలి. పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది గానీ, ఎవరైనా పేరు పక్కన ఒక ఎమోజీ పెడితే సేవ్ అవ్వకుండా ఎర్రర్ వస్తుంది.

లాగిన్‌లో ఒక దాగిన బరువుంది. పాస్‌వర్డ్ సరిచూసే బీక్రిప్ట్ కావాలనే నెమ్మదిగా పనిచేస్తుంది, అదే దాని రక్షణ. పీహెచ్‌పీ 8.4లో దాని స్థాయిని 10 నుంచి 12కు పెంచారు. స్థాయి ఒకటి పెరిగితే పని రెట్టింపు, అంటే ఇది నాలుగు రెట్లు. ఒక్కో లాగిన్‌కు పావు సెకను పట్టిందనుకోండి, 400 మందికి 100 సెకన్ల సీపీయూ. రెండు కోర్ల మీద 50 సెకన్లు. పదింటికి ఆ 50 సెకన్లు మన దగ్గర లేవు. స్థాయి తగ్గించకండి. మనవాళ్లకు నిమిషం నిబంధన అలవాటే కదా, తొమ్మిదిన్నరకే గేటు తెరవండి. తొమ్మిదిన్నర నుంచి 9.55 లోపు లాగిన్ అయి కూర్చోమని ముందు రోజే మెసేజ్ పెట్టండి. సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తులు) రెడిస్‌లో ఉంచండి. పదింటికి రావాల్సిన తాకిడిలో మూడో వంతు అక్కడే తగ్గిపోతుంది.

రేట్ లిమిట్‌తో జాగ్రత్త

బాట్లను ఆపడానికి ఒక ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి సెకనుకు ఇన్ని రిక్వెస్టులే అని పరిమితి పెడతారు. హాస్టల్లో అరవై మంది ఒకే వైఫై మీద రాస్తారు, వాళ్లందరిదీ ఒకే ఐపీ. మొబైల్ నెట్‌వర్కుల్లోనూ ఒక ఐపీ వెనక చాలామంది ఉంటారు. పరిమితి పెడితే ఒక హాస్టల్ మొత్తాన్ని బయట నిలబెట్టినట్టే. లాగిన్ అయినవాళ్లకు సెషన్‌ను బట్టి పరిమితి పెట్టండి, ఐపీ పరిమితి లాగిన్ కాని పేజీలకే ఉంచండి, అదీ ధారాళంగా.

బ్యాకప్, గడియారం

సర్వర్లు సాధారణంగా యూటీసీ సమయంలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటాయి. రాత్రి రెండింటికి బ్యాకప్ అని క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేది) 2 అని రాస్తే, అది మన టైమ్‌లో ఉదయం ఏడున్నరకు నడుస్తుంది. 4 అని రాసి ఉంటే తొమ్మిదిన్నర, సరిగ్గా గేటు తెరిచే వేళ. మన రాత్రి రెండున్నర కావాలంటే అక్కడ 21 గంటలు అని రాయాలి. బ్యాకప్ తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెడితే టేబుళ్లు లాక్ కావు.

ఆ బ్యాకప్ ఇంకో కంపెనీ దగ్గర, ఇంకో ఊళ్లో ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లలో కొందరు రెండూ పోగొట్టుకున్నారు. నెలకోసారి బ్యాకప్‌ను ఒక ఖాళీ సర్వర్ మీద తిరిగి ఎక్కించి, ఒక విద్యార్థి పాత మార్కులు తెరిచి చూడండి. గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది, కొద్ది రూపాయల పని. అయ్యాక ఆ సర్వర్‌ను డిలీట్ చేయండి. ఊరికే ఆఫ్ చేస్తే చాలాచోట్ల బిల్లు నడుస్తూనే ఉంటుంది.

శనివారం, ఆదివారం

శుక్రవారం లోపే ఉత్తుత్తి తాకిడి పెట్టి చూడండి. కే6 అనే ఉచిత సాధనంతో 400 మంది ఇరవై సెకన్లలో వచ్చి లాగిన్ అయి, పేపర్ తీసుకుని, జవాబులు నొక్కుతున్నట్టు రాసుకోవచ్చు. దాన్ని వేరే మెషీన్ నుంచి నడపండి. అదే సర్వర్ మీద నడిపితే కొట్టేదీ తినేదీ ఒకటే అయి అంకెలకు అర్థం ఉండదు. 400కు తట్టుకుంటే 800 పెట్టండి. ఎక్కడ పడుతుందో మీకు తెలిసి ఉండాలి. 502 ఎర్రర్ వస్తే పీహెచ్‌పీ వైపు, 504 ఎర్రర్ వస్తే నిదానమైన క్వెరీ వైపు ముందు చూడండి. ఎఫ్‌పీఎం లాగ్‌లో మ్యాక్స్ చిల్డ్రన్ దాటిందన్న హెచ్చరిక ఉంటే, ఆ అంకె పెంచే ముందు ఒక్కో రిక్వెస్టు ఎంత సేపు పడుతోందో చూడండి.

ఈసారి గ్రాండ్ టెస్టు, రెండు వేల మంది వస్తారని తెలిస్తే శనివారం రాత్రి సర్వర్‌ను పెద్దది చేసి, ఆదివారం సాయంత్రం తగ్గించుకోవచ్చు. పెంచేటప్పుడు సీపీయూ, ర్యామ్ మాత్రమే పెంచండి. డిస్క్ కూడా పెంచితే మళ్లీ చిన్న ప్లాన్‌కు రాలేరు. ర్యామ్ పెంచాక మ్యాక్స్ చిల్డ్రన్, బఫర్ పూల్ కూడా ఆ మేరకు మార్చాలి, లేకపోతే కొన్న ర్యామ్ ఖాళీగా కూర్చుంటుంది. శనివారం రాత్రి తర్వాత కోడ్ ముట్టుకోకండి.

ఆదివారం తొమ్మిదింపావుకు కూర్చోండి. ఒక కిటికీలో హెచ్‌టాప్, ఒకదానిలో ఎంజిన్ఎక్స్ ఎర్రర్ లాగ్, ఫోన్‌లో మొబైల్ డేటా మీద మీరే ఒక విద్యార్థిగా లాగిన్. తొమ్మిదిన్నర, పది, పన్నెండున్నర సమయాల్లో సీపీయూ, అవైలబుల్ ర్యామ్, నడుస్తున్న పీహెచ్‌పీ ప్రాసెస్‌ల సంఖ్య ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కన ఆ రోజు ఎంతమంది రాశారో కూడా. నా నోట్‌బుక్‌లో గత టెస్టు వరుస ఇది: రాసినవాళ్లు 412, పది గంటలకు ప్రాసెస్‌లు 9, అవైలబుల్ 1.3 జీబీ, పోయిన జవాబులు సున్నా.